సుమారుగా డెబ్బై

మే 5, మంగళవారం

ఇవాళ పదకొండు మంది టీచర్లకు అంకెల జోలికి వెళ్ళవద్దని చెప్పి వచ్చాను. ఈ మాట చెప్పడానికి నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను.

వాగుగట్టు స్కూలు. అసలు పేరు వేరే. పాపకూర అనే ఈ పరదేశపు ఊళ్ళో ఆ స్కూలు వెనక వాగుంది కాబట్టి నాకది వాగుగట్టే. మా సంస్థ తరఫున టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం, ఈ టర్మంతా అక్కడే. చదవడం, రాయడం, లెక్కలు: ఈ మూడింట్లో పిల్లల్ని ఇదివరకు ఒక్కో టీచరూ ఒక్కో తీరున అంచనా వేసేవారు. ఇకమీదట అందరూ ఐదు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. పిల్ల చేసిన పని చూసి, ఇప్పుడేం చేయగలదో, తర్వాత ఏం నేర్చుకోవాలో చెప్పాలి. మార్కులూ శాతాలూ ఉండకూడదు. తల్లిదండ్రుల కోసం ఆ ఐదు మాటల్నీ తెలుగులో పెట్టింది నేనే: మొలకెత్తుతోంది, ఎదుగుతోంది, కుదురుకుంటోంది, నిలదొక్కుకుంది, దాటేసింది. వరసగా చదివితే ఎవరి పెరట్లోనో బీరపాదు సంగతి చెబుతున్నట్టుంది.

ఒకే పిల్లవాడి రాత అందరి చేతికీ ఇచ్చి మాట ఎంచుకోమన్నాను. పదకొండు మంది కలిసి నాలుగు మాటలు ఎంచుకున్నారు. లోసా మాత్రం "పాపం" అని రాసింది. అందరికంటే సీనియర్, సమోవా మనిషి, శిక్షణ జరుగుతున్నంతసేపూ ఊలు అల్లుకుంటూనే ఉంటుంది.

"నిరుపమా, ఇది నాకు ఏడో కొత్త పద్ధతి" అంది. "ఆరోది అదుగో, తలుపు మూసుకుపోకుండా కింద పెట్టాం."

చూశాను. లావుపాటి పుస్తకం. అందులో సగం నేను రాసిందే.

శరణ్య సంగతి. వరంగల్ అమ్మాయి, టీచరుగా రెండో ఏడు. ఈ టర్మ్ ముగిసేలోగా పూర్తిస్థాయి సర్టిఫికెట్ రావాలి. రాకపోతే ఉద్యోగం కొనసాగదు, దానికి ముడిపడ్డ వీసా కూడా నిలవదు. కొత్త పద్ధతికి ఆమె అలవాటు పడిందో లేదో ఒక్క పేరా రాసివ్వమని ప్రిన్సిపల్ ట్రేసీ నన్ను అడిగింది. ఒక్క పేరాయే. చారులో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చడానికి మూడు గరిటెలు తాగే మనిషిని.

శరణ్య కారిడార్లో అందరి ముందూ "అక్కా!" అని పిలిచింది. స్కూల్లో నిరుపమ అను, అన్నాను.

"సరే, నిరుపమక్కా."

మే 7, గురువారం

శరణ్య క్లాసులో కూర్చున్నాను. మంచి క్లాసు. పిల్లలు ఆమెకు భయపడరు, విసుక్కోరు కూడా. తర్వాత ఆమె వేసిన అంచనాలు చూశాను. క్లాసు మొత్తం కుదురుకుంటోంది. ఒక్కరంటే ఒక్కరు మొలకెత్తడం లేదు, ఒక్కరు దాటేయలేదు.

"ఇదేంటి శరణ్యా? అందరూ ఒకచోటే ఎలా కుదురుకుంటారు?"

"మొదటి మాట ఎట్ల రాయాలె అక్కా? ఎనిమిదేండ్ల పిల్ల. మొలక అని రాస్తే వాళ్ళమ్మ ఏమనుకుంటది? మూడేండ్ల సంది స్కూల్ల ఏం పీకిండ్రు అనుకోదా?"

"వాళ్ళేమనుకుంటారని కాదు. నువ్వేం చూశావో అది రాయాలి."

"చూసింది తెల్సు. రాసుడే భయం."

ధైర్యంగా తీర్పు చెప్పడం వృత్తిలో భాగమని ఆమెకు చాలాసేపు బోధించాను. ఇంటికొచ్చే దారిలో బియ్యం కొనాలి. సోనా మసూరీ కొత్తవా, పాతవా? తేల్చుకోలేక బ్రెడ్ తెచ్చాను.

మే 14, గురువారం

కొత్త రిపోర్టుల గురించి మనవాళ్ళకు తెలుగులో చెప్పమని ట్రేసీ కోరింది. స్కూలు హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, అల్యూమినియం ట్రేలో సమోసాలు. అనుకున్నదానికి రెట్టింపు మంది వచ్చారు. ఐదు మాటలూ చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను. తలలు ఊపారు. ప్రశ్నలున్నాయా అని అడగడమే నా పొరపాటు.

ముందు వరసలోంచి రాఘవయ్యగారు లేచారు. గుంటూరు వైపు మనిషి, మనురేవాలో డైరీ షాపు, అంటే ఇక్కడి వీధి చివర చిల్లర దుకాణం, నడుపుతారు. కొడుకూ కోడలూ షిఫ్టుల్లో ఉంటారు కాబట్టి మనవడు శ్రీవత్స చదువు ఆయన చేతిలో ఉంది. వాడు శరణ్య క్లాసే.

"అంతా బాగా చెప్పావమ్మా. మార్కులెన్ని?"

"మార్కులుండవండీ."

"ఉండవంటే, లేవా? ఉండి చెప్పరా?"

"అసలు లేవండీ."

"మరి మావాడు కుదురుకుంటున్నాడని టీచరుకెలా తెలిసింది? ఏదో చూసే కదా అన్నారు? ఆ చూసిందేదో చెప్పమంటున్నా."

చెప్పాను. మళ్ళీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పోనీ, క్లాసులో వీడికంటే ముందు ఎంతమంది ఉన్నారు? పేర్లొద్దు. ఎంతమందో చెప్పు చాలు."

"అలా ఒకరితో ఒకర్ని పోల్చమండీ. ఏ పిల్లవాడినైనా వాడితోనే పోలుస్తాం. నిన్న ఎలా ఉన్నాడు, ఇవాళ ఎలా ఉన్నాడు అని."

"నిన్న వాడికి జలుబమ్మా. స్కూలుకే రాలేదు."

హాలంతా నవ్వారు. కేర్‌టేకర్ తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సమోసాలు అయిపోయాయి, మనుషులు మాత్రం కదలడం లేదు. రాఘవయ్యగారు చేతులు జోడించారు. "తల్లీ, ఇల్లు చేరి మా కోడలికి ఏదో ఒకటి చెప్పాలి. కుదురుకుంటోంది అంటే ఎంత? నిక్కచ్చిగా వద్దు. సుమారుగా."

అప్పుడన్నాను. "సుమారుగా ఒక డెబ్బై అనుకోండి."

అంతే. హాలంతా రాసుకుంటున్నారు.

మే 15, శుక్రవారం

నేను మార్కులు చెప్పలేదు. సుమారుగా అన్నాను.

మే 19, మంగళవారం

టకానిని రైలు గేటు దగ్గర ఆగిపోయాం. పక్క సీట్లో మా అమ్మాయి రుచిత. నా ఫోన్ మోగితే అదే చూసింది.

"అమ్మా, శరణ్య మిస్ ఒక టేబుల్ పంపింది. సో క్యూట్! ఫైవ్ వర్డ్స్, ఫైవ్ నంబర్స్."

ఉదయం శరణ్య ఫోన్ చేసి చెప్పిన సంగతే అది. కుదురుకుంటోంది డెబ్బై అయితే నిలదొక్కుకుంది ఎంత అని రోజూ స్కూలు గేటు దగ్గర తల్లిదండ్రులు పట్టుకుంటున్నారట. ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పలేక ఒక పట్టిక వేసింది. ముప్ఫై ఒకటి, యాభై నాలుగు, డెబ్బై మూడు, ఎనభై ఎనిమిది, తొంభై ఆరు.

"డెబ్బై కదా?" అన్నాను పొద్దున. ఆ మాట ఎందుకన్నానో. డెబ్బై ఏమిటి, అసలు అంకె ఎందుకు, అని అడగాల్సింది.

"మీరు డెబ్బై అన్నరు, నేను మూడు కలిపిన. రౌండ్ నంబర్ చెప్తే నోటికొచ్చింది చెప్పిండ్రు అనుకుంటరు అక్కా. డెబ్బై మూడంటే కొలిచినట్టుంటది."

"మరి దాటేసిన వాళ్ళకి వంద ఇవ్వచ్చుగా?"

"వంద ఇస్తే ఇంకేం చదువుతరు?"

గూడ్సు బండి పోతూనే ఉంది. కంటైనర్ వెనక కంటైనర్.

"అమ్మా, ఓకేనా అని అడుగుతోంది. థంబ్స్ అప్ పెట్టనా?"

"ఆఁ, పెట్టు."

బండి పోయింది, గేటు లేచింది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

మే 26, మంగళవారం

పట్టిక పాపకూర తెలుగు పేరెంట్స్ గ్రూపులోంచి పంజాబీ గ్రూపులోకి, అక్కణ్ణుంచి టోంగా వాళ్ళ చర్చి గ్రూపులోకి వెళ్ళింది. అక్కడ దానికి పూల అంచు వేశారు. ఆ అంచుతోనే తిరిగి వాగుగట్టు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, ఇప్పుడు కెటిల్ పైన గోడకి అంటించి ఉంది.

ఇవాళ్టి శిక్షణలో మళ్ళీ ఒకే రాత అందరికీ ఇచ్చాను. పదకొండు మందీ ఒకే మాట ఎంచుకున్నారు. నా ఉద్యోగంలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. కళ్ళు చెమర్చాయి, అబద్ధం ఎందుకు.

"ఎలా తేల్చారు?" అని లోసాని అడిగాను.

"ఎంత వస్తుందో ముందు అనుకున్నాం. డెబ్బై మూడు. తర్వాత కెటిల్ దగ్గరికి వెళ్ళి అది ఏ మాటో చూసుకున్నాం." సూదులు ఆపి నా వంక ఆప్యాయంగా చూసింది. "ఏడు పద్ధతుల్లో మీకేం కావాలో నాకు అర్థమైన మొదటిది ఇదే, నిరుపమా."

మా సంస్థకి వారం నివేదిక పంపాను. "ఉపాధ్యాయుల మధ్య ఏకాభిప్రాయం గణనీయంగా పెరిగింది." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

జూన్ 1, సోమవారం

సెలవు. వాన. రుచిత నా ఉప్మాకి యాభై నాలుగు వేసింది.

"అరవై వెయ్యచ్చుగా?"

"సిక్స్‌టీ లేదు అమ్మా. ఫిఫ్టీ ఫోర్, లేకపోతే సెవెంటీ త్రీ."

"మధ్యలో ఏమీ ఉండదా?"

"మధ్యలో ఏమీ ఉండదు."

వాళ్ళ నాన్న తలెత్తకుండా డెబ్బై మూడు అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా వంట గురించి ఆయన స్పష్టంగా చెప్పిన మొదటి మాట అది. సంతోషించాలో లేదో తెలియలేదు.

జూన్ 4, గురువారం

ట్రేసీ ఫోన్ చేసింది. గొంతు మెత్తగా ఉంది. ఇక్కడివాళ్ళకి బాగా కోపమొస్తే గొంతు మెత్తబడుతుంది.

జిరాక్స్ మెషీన్‌లో ఎవరో పట్టిక మర్చిపోయారట. "పిల్లల మీద అంకెలు, నిరుపమా. పిల్లల మీద. మనం దేన్నయితే వదిలించుకోవాలనుకున్నామో అదే, పూలతో సహా." శరణ్యని పిలిచి అడిగితే తానే చేశానని ఒప్పుకుందట. "మంచి అమ్మాయే. కానీ కొత్త పద్ధతి అసలు అర్థం కాలేదనిపిస్తోంది. సర్టిఫికెట్‌కి ఇంకో ఏడాది ఆగడం మంచిదేమో. నీ పేరాలో ఈ సంగతి ఉంటుంది కదా?"

ఇంకో ఏడాది అంటే ఇంకో ఏడాది కాదు. ఆమె వీసాలో ఇంకో ఏడాది లేదు. అది ట్రేసీకి తెలియదు. నేను చెప్పాలి.

"చూస్తాను" అన్నాను.

శరణ్య నా పేరెత్తలేదు. డెబ్బై సంగతి గానీ బొటనవేలి సంగతి గానీ ఎవరికీ చెప్పలేదు.

బొటనవేలు పెట్టింది రుచిత. పెట్టమన్నది నేనే, కానీ రైలు గేటు దగ్గర. గేటు దగ్గర అన్న మాటకి అంత విలువ ఇస్తామా?

జూన్ 5, శుక్రవారం

ఇస్తాం.

జూన్ 9, మంగళవారం

ఇక్కడ స్కూళ్ళలో ఎవరైనా తప్పు చేస్తే శిక్ష వేయరు. గుండ్రంగా కూర్చోబెడతారు. ఎవరికి గాయమైంది, దాన్ని ఎలా మాన్పాలి అని ఒక్కొక్కరే చెప్పాలి. గుడ్డతో కుట్టిన కివీ పిట్ట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మామూలుగా రెండో తరగతిలో కొరుక్కున్న పిల్లలకి చేస్తారు. ఇవాళ పట్టిక గురించి మాకు చేశారు.

నేను నిశ్చయించుకునే వెళ్ళాను. కారులో రెండుసార్లు పైకి అనుకున్నాను కూడా: ఆ డెబ్బై నాది, శరణ్యది కాదు.

చిన్న పిల్లల కుర్చీలు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. శరణ్య తల దించుకుని తన బూట్లు చూసుకుంటోంది. ట్రేసీ కివీని ఒళ్ళో పెట్టుకుని, పట్టిక వల్ల ఎవరికి ఏ నష్టం జరిగిందో మనసు విప్పి చెప్పమంది. పిట్ట చేయి మారింది. అందరూ పక్కవాళ్ళకి అందించేశారు. లోసా దగ్గరికొచ్చింది.

"నాకు జరిగిన నష్టం చెబుతాను" అంది. "ఇదివరకు రిపోర్టులు రాయడానికి నాలుగు ఆదివారాలు పట్టేవి. ఇప్పుడు ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి. మిగిలిన ఆదివారాలు ఏం చేసుకోవాలో తెలియక మా చెల్లెలి ఇంటికి వెళ్ళాల్సి వస్తోంది. మా చెల్లెలంటే నాకు పడదు."

పిట్ట నా చేతికొచ్చింది. ఒక కన్ను ఊడిపోయింది దానికి.

నోరు తెరిచాను. అప్పుడే గోడమీది తెర వెలిగింది. వెల్లింగ్టన్ నుంచి మా మేనేజర్ క్రెయిగ్. మధ్యలో వస్తానన్నాడని నాకెవరూ చెప్పలేదు.

"అందరూ ఉన్నారా? బాగుంది. నిరుపమా, నీ నివేదిక చదివాను. నూటికి నూరు ఏకాభిప్రాయం! దేశం మొత్తంలో ఎక్కడా లేదు. మీరు వాడిన సాధనం ఏమిటి?"

లోసా లేచి వెళ్ళి, కెటిల్ పైనుంచి పట్టిక ఊడదీసుకొచ్చి, కెమెరా ముందు పట్టుకుంది. పూలు బాగా కనిపించేలా.

క్రెయిగ్ చాలాసేపు చూశాడు. "ఇది వంతెన" అన్నాడు చివరికి. "మాటలకీ మనుషులకీ మధ్య వంతెన. ఇది అన్ని స్కూళ్ళకీ వెళ్ళాలి."

ట్రేసీ ముఖంలో ఏమీ మారలేదు. వెన్ను మాత్రం నిటారైంది. "మా స్కూల్లో తల్లిదండ్రులతో కలిసి పనిచేయడానికి ఎప్పుడూ పెద్దపీట వేస్తాం" అంది.

"ఎవరి ఆలోచన ఇది?"

పిట్ట ఇంకా నా చేతిలోనే ఉంది. పొద్దుటి నుంచి గొంతులో పెట్టుకున్న వాక్యం అక్కడే ఉంది. ఆ డెబ్బై నాది. అయిదు నిమిషాల కిందట అంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఇప్పుడంటే ఆమె కష్టం కొట్టేసినట్టు. వాక్యం మాత్రం అదే.

"శరణ్య చేసింది" అన్నాను.

పొద్దున ఈ మాట అని ఉంటే నా ముఖం నేను చూసుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు చప్పట్లు కొట్టారు.

జూన్ 16, మంగళవారం

పట్టిక పుస్తకమై వచ్చింది. ముప్ఫై పేజీల పైనే ఉంది, మెరిసే అట్ట. పూలు తీసేసి బాణాలు పెట్టారు. ఎవరి పేరూ లేదు. ఇవి మార్కులు కావని ప్రతి పేజీ కిందా రాసి ఉంది. వీటిని సూచికలు అనాలట. క్రెయిగ్ అంకెల్ని కాస్త చదును చేశాడు. డెబ్బై మూడు లాంటివి చూసేవాళ్ళకి వింతగా అనిపిస్తాయని ముప్ఫై, యాభై ఐదు, డెబ్బై ఐదు, తొంభై, తొంభై ఐదు చేశాడు. పుస్తకం తల్లిదండ్రులకి కూడా పంపేశారు.

దీని మీద టీచర్లకు శిక్షణ ఇవ్వాల్సింది నేను. చివర్లో కంప్యూటర్ మీద చిన్న పరీక్ష. ఒక మాట చూపిస్తారు, దాని సూచిక చెప్పాలి. మార్కులు ఉండవు. ఫలితంగా ఐదు మాటల్లో ఒకటి వస్తుంది.

లోసా దాటేసింది.

శరణ్య మొలకెత్తుతోంది.

ఆమె అలవాటు కొద్దీ తన అంకెలే వేసింది. అన్నీ తప్పే. ఫలితం దానంతట అదే ట్రేసీకి వెళ్ళిపోయింది.

జూన్ 17, బుధవారం

శరణ్య ఫోన్. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"నేను చేసిన దాంట్ల నేనే ఫెయిలైన అక్కా. మా అమ్మకు ఏమని చెప్పాలె?"

"ఫెయిల్ కాదు శరణ్యా. మొలకెత్తడం అంటే..."

"అక్కా. మీరు కూడానా?"

వాళ్ళ ఫ్లాట్‌లో ఎవరో మిక్సీ వేశారు, ఆగింది.

"ట్రేసీ మేడమ్ నిన్న నవ్వుకుంట చెప్పింది, తయారుచేసిన వాళ్ళకే వాడుడు కష్టమైతదట ఒక్కోసారి. ఇంకో ఏడాది సపోర్ట్ ఇస్తరట. నాకు ఏడాది ఎక్కడిది అక్కా? సర్టిఫికెట్ లేకుంటె అక్టోబర్ల పోవుడే."

వీసా సంగతి ట్రేసీకి చెప్పాను ఇవాళ. విని, నా భుజం మీద చేయి వేసి, అది మన అంచనాని ప్రభావితం చేయకూడదు కదా అంది. నిజమే. అలా ప్రభావితం కాకూడదని ఆరో పద్ధతి పుస్తకంలో రాసింది నేనే. తలుపు కింద ఉంది.

పేరా ఇంకా మొదలుపెట్టలేదు. ఆమెకి సర్టిఫికెట్ రావాలని నాకుంది. అర్హురాలని అనుకుంటున్నానా, లేక నా డెబ్బైకి పరిహారం కడుతున్నానా? క్లాసు మొత్తాన్ని ఒకే మాటలో కట్టేసిన టీచరు ఆమె. అది కూడా నిజం.

జూన్ 24, బుధవారం

క్లాసు పరిశీలన ఇంకోసారి చేస్తానని నేనే అడిగి వెళ్ళాను. స్కూలు వదిలాక సర్దుకుంటున్నాం, ఇంతలో రాఘవయ్యగారు వచ్చారు. ఒక చేతిలో మెరిసే పుస్తకం, ఇంకో చేతిలో శ్రీవత్స స్కూలు బ్యాగు. వాడు బయట గోడకేసి బంతి కొడుతున్నాడు.

"అమ్మా టీచరమ్మా, ఇదేం న్యాయం? మొన్న మావాడు డెబ్బై మూడు. ఈ పుస్తకంలో కుదురుకుంటోంది అంటే డెబ్బై ఐదంట. చదవకుండా రెండు మార్కులు ఎలా పెరిగాయి?"

"అంకుల్..."

"పెరిగితే మంచిదే కదా అంటావు. షాపులో బ్రెడ్డు బరువు ఊరికే పెరిగితే నేను అనుమానిస్తానా లేదా? వాడా రెండు మార్కులు చూసుకుని ఎక్కాలు మానేశాడు!"

నేను లేవబోయాను. ఏదో ఒకటి సర్ది చెప్పడం నా పని. శరణ్య నా వైపు చూడలేదు.

"అంకుల్, ఇట్ల కూసోండ్రి. డెబ్బై మూడు తీసెయ్యుండ్రి, డెబ్బై ఐదు తీసెయ్యుండ్రి. ఇది చూడుండ్రి."

శ్రీవత్స లెక్కల పుస్తకం తెరిచింది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేస్తే ముప్ఫై ఐదని రాశాడు వాడు.

"తప్పు" అన్నారు రాఘవయ్యగారు వెంటనే. "ఇరవై ఐదు."

"ఎట్ల తప్పయింది చూడుండ్రి. రెండులకెళ్ళి ఏడు పోదని, తిరగేసి ఏడులకెళ్ళి రెండు తీసిండు. అన్ని లెక్కలల్ల గట్లనే చేసిండు, ఇగో, ఇక్కడ, ఇక్కడ. మంచిగ రాస్తడు, నీట్‌గ రాస్తడు, అందుకే నాకు సమజ్ కాలే." ఊపిరి తీసుకుంది. "నేను ముందు రాసింది కరెక్ట్ కాదు అంకుల్. తీసివేతల వీడు కుదురుకోలే. మొలకే. రిపోర్ట్‌ల అదే రాస్త."

ఆమె ముఖం ఎర్రబడింది. ట్రేసీ దృష్టిలో ఇప్పటికే వెనకబడి ఉన్న మనిషి, సర్టిఫికెట్ తేలే వారం ముందు, తన అంచనా తప్పని నోటితో చెబుతోంది. అది కూడా నా ముందు. పేరా రాయాల్సింది నేనని ఆమెకి తెలుసు.

రాఘవయ్యగారు కాసేపు ఆ పేజీనే చూశారు. ఆయన ఏం అడుగుతారో నాకు తెలుసు అనుకున్నాను.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నారు.

ఈ టర్మంతా నేను కలిసిన ఏ తల్లీ తండ్రీ ఈ ప్రశ్న అడగలేదు. నా శిక్షణలన్నీ ఈ ప్రశ్న అడిగించడానికే. అడిగింది ఈయన, అడిగించింది శరణ్య, అందులో ఒక్క అంకె లేదు.

"సాయంత్రం షాపుల కూసోవెట్టుండ్రి. పది లాలీపాప్‌లకు ఒక రబ్బరు బ్యాండు. అయిదు కట్టలు, రెండు విడివి. ఇరవై ఏడు అడగుండ్రి. విడివి సాలవు కదా, కట్ట విప్పాలె. వాడంతట వాడు విప్పేదాక ఆగుండ్రి, మీరు విప్పొద్దు."

"విప్పాక తింటాడమ్మా."

"ఒకటి తిననీయుండ్రి."

ఆయన లేచారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. గొంతు తగ్గించారు.

"అయినా, మొలక అంటే... సుమారుగా?"

"సుమారుగా ఏం లేదు అంకుల్."

వెళ్ళిపోయారు. బయట బంతి చప్పుడు ఆగింది. శరణ్య కుర్చీలు బల్లలమీదికి ఎత్తడం మొదలుపెట్టింది. నేనూ ఎత్తాను.

"తిట్టుండ్రి అక్కా" అంది.

తిట్టలేదు. ఏమీ అనలేదు కూడా. అనాల్సింది.

జూన్ 30, మంగళవారం

పేరా మొదటి వాక్యం నాలుగు రకాలుగా రాశాను. నాలుగింట్లోనూ "ఒక విధంగా" ఉంది. తీసేస్తే వాక్యం పడిపోయేలా ఉంది.

జూలై 1, బుధవారం

తీసేశాను. పడలేదు.

జూలై 2, గురువారం

ట్రేసీ గదికి నేనే వెళ్ళాను. బల్లమీద శరణ్య ఫైలు, పైన పరీక్ష ఫలితం. మొలకెత్తుతోంది, ఆకుపచ్చ రంగులో. పేరా ఇచ్చాను. శరణ్య క్లాసులో ఏం చూశానో, ఒక తాతకి ఆమె ఏం చెప్పిందో, క్లాసు మొత్తానికి మళ్ళీ చేసిన అంచనాలు ఎలా ఉన్నాయో రాశాను. ఇప్పుడు వాటిలో ఐదు మాటలూ ఉన్నాయి. ఆ డెబ్బై సుమారుగా నా నోట్లోంచే వచ్చిందని కూడా చివర రాశాను. ట్రేసీ చదివింది. ఆ చివరి వాక్యం దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

"బాగుంది" అంది. "చాలా బాగుంది. కానీ నిరుపమా, ఇక్కడ పరీక్ష ఫలితం ఒకటి చెబుతోంది, నీ పేరా ఒకటి చెబుతోంది. నేనేదో ఒకటి తేల్చి సంతకం పెట్టాలి. సూటిగా అడుగుతున్నాను. ఆ అమ్మాయి సిద్ధంగా ఉందా?"

"ఉంది."

ఇంకేం కలపలేదు. కలపకుండా ఎలా ఉన్నానో తెలియదు.

ట్రేసీ పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. తలుపు వైపు చూసింది, మూసే ఉంది. పిల్లల మీద అంకెలు చూసి గొంతు మెత్తబడ్డ మనిషి, బల్లమీదికి వంగింది.

"ఉంది అంటే... ఎంత?"

"ఎంత అంటే?"

"నీకు తెలుసు. వందకి."

అప్పుడు నేను ఆరో పద్ధతి గురించి ఆలోచించలేదు, ఏడో పద్ధతి గురించి ఆలోచించలేదు. కిటికీలోంచి వాగు కనిపిస్తోంది.

"తొంభై ఒకటి" అన్నాను.

ట్రేసీ ముఖం విప్పారింది. అలాంటి నిశ్చింత ఆమె ముఖంలో ఎప్పుడూ చూడలేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది, పరీక్ష ఫలితాన్ని ఫైలు అడుక్కి తోసింది, సంతకం పెట్టింది.

"తొంభై అని ఉంటే," అంది, "ఏ ఆధారంతో అన్నావని అడిగేదాన్ని."

పార్కింగ్‌లో శరణ్య నా కారు పక్కనే నిలబడి ఉంది. ముఖం చూసి తెలుసుకుందో ఏమో, దగ్గరికి రాకముందే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది. టీచర్లు చూస్తున్నారు. చూడనీ.

"అక్కా, ఎంత ఏసిండ్రు?"

చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూ కొంచెంసేపు ఆలోచించింది.

"తొంభై ఒకటా?" అంది.

ఇంటికొచ్చాను. అన్నం పెట్టాను. పెరుగన్నం దగ్గరికి వచ్చినప్పటి నుంచి ఒకటే అనిపిస్తోంది, తొంభై మూడు అనాల్సిందేమో.